చిన్న వ్యాపారమునకు వెబ్‌సైటు, ఈమెయిలు

అంగడి పెట్టదలచినవాడు మొదట మూడు సంగతులు చూచుకొనును. అంగడికి పేరు, అంగడి ఉండు చోటు, ఉత్తరములు వచ్చి చేరు విలాసము. కొట్టు ఎంత చిన్నదైనను ఈ మూడును లేక వర్తకము సాగదు. అంతర్జాలమున వ్యాపారము చేయదలచినవారికిని కావలసినవి ఈ మూడే. పేరును డొమైను అందురు. చోటును హోస్టింగు అందురు. ఉత్తరముల పెట్టె ఈమెయిలు. ఇవి మూడును వేరు వేరు వస్తువులు. వేరు వేరు చోట్ల కొనదగినవి. ఒకటి చెడినను తక్కిన రెండును నిలుచునట్లు అమర్చుకొనదగినవి. ఈ భేదము తెలియక, ఎవరో ఒకరు 'అన్నియు మేమే చూచుకొందుము' అనగానే డబ్బు కట్టి, తరువాత చిక్కులలో పడు చిన్న వ్యాపారులు పెక్కుమంది కలరు. కావున ఈ మూడింటి స్వరూపమెట్టిది, వానిని ఎన్నుకొనుట ఎట్లు, అమ్మువానిని అడుగవలసిన ప్రశ్నలేవి అను విషయములను ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఉదాహరణకై ఒక కుటుంబమును తలచుకొందము. మంగళగిరిలో చేనేత చీరలు నేయించి అమ్ము కుటుంబమది. తండ్రి మగ్గముల లెక్క చూచును. తల్లి రంగులను, నిజాం అంచుల జోడింపును చూచును. కుమార్తె చీరల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి ఆర్డర్లు వ్రాసికొనును. కొనువారు విజయవాడలోను, హైదరాబాదులోను కలరు. బెంగుళూరులోను, అమెరికాలోని డాలస్‌లోను ఉన్న తెలుగువారును కలరు. 'వాట్సాప్ ఉన్నది, ఇన్‌స్టాగ్రామ్ ఉన్నది, ఇంకను వెబ్‌సైటు ఎందులకు?' అని తండ్రి అడుగును. న్యాయమైన ప్రశ్నయే.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అనునవి సంతలో పరచుకొన్న దుకాణము వంటివి. జనము అక్కడ ఉందురు కనుక మనమును అక్కడికి పోవలసినదే. కాని సంత నేల మనది కాదు. నేల గలవాడు లేపివేసిన నాడు మూట కట్టుకొనవలసినదే. ఇది ఊహ మాత్రము కాదు. 1994లో పుట్టిన జియోసిటీస్ అను ఉచిత సేవలో లక్షలాది జనులు పుటలు కట్టుకొనిరి. దానిని కొనిన యాహూ సంస్థ 2009 అక్టోబరులో అమెరికాలో దానిని మూసివేసెను. మొన్నటికి మొన్న 2024 మార్చిలో, గూగుల్ సంస్థ తన బిజినెస్ ప్రొఫైలుతో పాటు చిన్న వ్యాపారులకు ఉచితముగా ఇచ్చుచు వచ్చిన వెబ్‌సైట్లను నిలిపివేసెను. సొంతముగా డొమైను పేరు గలవారు వేరొక చోటికి మారి, పాత పేరుతోనే వర్తకము సాగించుకొనిరి. పేరు కూడ గూగుల్ ఇచ్చినదే ఐనవారికి ఆ చిరునామాయే లేకుండ పోయెను. కావున మొదట సంపాదింపవలసినది పేరు.

కంప్యూటర్లకు మన పేర్లు తెలియవు. వానికి తెలిసినవి అంకెలే. అంతర్జాలమునకు తగులుకొన్న ప్రతి సర్వరునకు ఒక సంఖ్య కలదు. మనము పేరు చెప్పగా ఆ సంఖ్యను వెదకి ఇచ్చు ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. దానినే డి.ఎన్.ఎస్. అందురు. అది పెద్ద పేర్ల పట్టిక వంటిది. ఈ పేరు గల అంగడి ఏ సర్వరులో ఉన్నది, ఈ పేరునకు వచ్చిన ఉత్తరములు ఏ సర్వరునకు పంపవలెను అను రెండు సంగతులును అందు వేరు వేరుగా వ్రాసి యుండును. ఈ ఒక్క విషయము గ్రహించినచో తక్కినదంతయు సులభము. అంగడి ఒక చోటను, ఉత్తరముల పెట్టె మరియొక చోటను ఉండవచ్చును. అంగడి చోటు మార్చినను ఉత్తరములు ఆగవలసిన పని లేదు.

పేరు చివర 'డాట్ కామ్' ఉండవచ్చును, 'డాట్ ఇన్' ఉండవచ్చును. 'డాట్ ఇన్' పేర్ల పాలన నిక్సి అను సంస్థ చేతిలో ఉన్నది. 2005 నుండి అవి సామాన్యులకెల్ల సులభముగా లభించుచున్నవి. తెలుగు లిపిలోనే 'డాట్ భారత్' అను కొస గల పేర్లును కలవు. మన లిపిలో పేరు ముచ్చటైనదే. కాని కొన్ని ఈమెయిలు సేవలు ఇట్టి పేర్లను ఇంకను సరిగా అంగీకరింపవు. కావున ఇంగ్లీషు అక్షరముల పేరును ముందు తీసికొని, తెలుగు పేరును దానికి తోడుగా ఉంచుకొనుట మేలు. ఏ పేరైనను ఫోనులో ఒక్కసారి చెప్పగానే అవతలివారు తప్పు లేకుండ వ్రాసికొనగలిగినది కావలెను. 'చీర' అను మాటకు ఇంగ్లీషులో ఒక ఇ వ్రాయవలెనా, రెండు వ్రాయవలెనా అని వినువాడు సందేహించునట్లుండరాదు.

పేరు కొనుట అనుచున్నాము కాని, నిజమునకు అది కౌలు వంటిది. ఒక యేడాది మొదలు పదియేండ్ల వరకు రుసుము కట్టి ఉంచుకొనవచ్చును. గడువు తీరినను కట్టకున్నచో 'డాట్ కామ్' పేర్ల విషయమున, అమ్మిన సంస్థ ఇచ్చు కొద్ది దినముల వాయిదా ముగిసిన పిదప, 30 దినముల విమోచన గడువు వచ్చును. అప్పుడు పేరు తిరిగి దక్కించుకొనుటకు హెచ్చు రుసుము చెల్లింపవలెను. అదియు దాటెనా, పేరును ఎవరైనను తీసికొనవచ్చును. శ్రావణ మాసము వచ్చి, వరలక్ష్మీ వ్రతమునకు చీరలు కొనువారు వెదకునప్పుడు అంగడి పేరు పరుల చేతిలో ఉన్నచో ఆ కుటుంబము గతి యేమి? పదేండ్ల మంచిపేరు ఒక మరచిపోయిన రుసుముతో పోవును.

అంతకంటెను తరచుగా జరుగునది వేరొకటి కలదు. వెబ్‌సైటు కట్టిపెట్టిన కుర్రవాడు, చుట్టమో స్నేహితుడో, పేరును తన ఖాతాలో, తన ఈమెయిలుతో నమోదు చేయును. అతనికి దురుద్దేశము లేకపోవచ్చును. రెండేండ్లకు అతడు వేరే ఉద్యోగమునకు పోవును, ఫోను నంబరు మార్చును. గడువు హెచ్చరికలు అతడు చూడని పెట్టెకు పోవుచుండును. పట్టికలో ఎవరి పేరున్నదో వారే హక్కుదారు. 'డబ్బు మేమిచ్చితిమి' అన్న మాట మాత్రము చాలదు. ఇంటి పట్టా ఎవరి పేర వ్రాయించుకొందుమో డొమైనును వారి పేరనే నమోదు చేయింపవలెను. రుసుము వ్యాపారి కార్డునుండియే కట్టవలెను. ఖాతా ప్రవేశ పదము వ్యాపారి చేతనే ఉండవలెను. కట్టినవానికి పని చేయుటకు కావలసినంత అధికారమిచ్చిన చాలును.

ఇక్కడ రెండు చిన్న జాగ్రత్తలు. 'డాట్ కామ్' పేరు క్రొత్తగా నమోదు చేయగానే ధ్రువీకరణ కోరుచు ఒక ఈమెయిలు వచ్చును. 15 దినములలో దానికి బదులీయకున్న పేరును నిలిపివేయుదురు. రెండవది, ఆ ఖాతాకు ఇచ్చు ఈమెయిలు విలాసము అదే డొమైనుతో కూడినది కారాదు. డొమైను ఆగిన నాడు దాని ఉత్తరములును ఆగును. హెచ్చరికయు అందదు, ప్రవేశ పదము మార్చుకొను దారియు మూసికొనును. ఇంటి తాళపుచెవిని ఇంటిలోనే పెట్టి తలుపు వేసికొన్నట్లగును.

ఇక చోటు సంగతి. హోస్టింగు అనగా ఎల్లప్పుడును విద్యుచ్ఛక్తితో నడచుచు, అంతర్జాలమునకు తగులుకొని యుండు ఒక సర్వరులో అద్దెకు తీసికొన్న స్థలము. ఇందు మూడు నాలుగు రకములు కలవు. ఒకే సర్వరును వందల మందికి పంచి ఇచ్చునది పంపకపు హోస్టింగు. అది వరుస గదుల లోగిలి వంటిది. అద్దె తక్కువ, పొరుగువారి సందడి మనకును తగులును. సర్వరులో కొంత శక్తిని మనకే కేటాయించి ఇచ్చునది వి.పి.ఎస్. దానిని నడుపుటకు తెలిసినవాడు కావలెను. వాడుకొన్నంతకే డబ్బు పుచ్చుకొనునది క్లౌడు. పుటలు కట్టు పనిముట్లు, స్థలము, చెల్లింపు ఏర్పాటు అన్నియు కలిపి నెల రుసుమునకు ఇచ్చునవి తయారీ సేవలు. ఇందు సుఖము హెచ్చు. కాని వెళ్లిపోదలచిన నాడు మన సరుకును ఎంతవరకు వెంట తీసికొనిపోనిత్తురో ముందే అడుగవలెను.

మన కుటుంబమునకు ఏది తగును? లెక్క వేసి చూతము. 500 చీరలు, ఒక్కొక్క చీరకు 4 ఫొటోలు, మొత్తము 2000 ఫొటోలు. ఫోనుతో తీసిన ఫొటో 4 మెగాబైట్లు ఉన్నచో 8000 మెగాబైట్లు, అనగా ఇంచుమించు 8 గిగాబైట్లగును. వానినే కుదించి ఒక్కొక్కటి 300 కిలోబైట్లు చేసినచో మొత్తము 600 మెగాబైట్లు మాత్రమే. దినమునకు 200 మంది వచ్చి, తలకు 5 పుటలు చూచి, పుట 2 మెగాబైట్లు ఐనచో దినమునకు 2 గిగాబైట్లు, నెలకు 60 గిగాబైట్లు సాగును. ఇంతపాటికి సాధారణమైన పంపకపు హోస్టింగు చాలును. ఫొటోలు కుదించు అలవాటు చేసికొనక పెద్ద సర్వరు కొనుట, చిల్లిబిందెను పెట్టుకొని పెద్ద బావి త్రవ్వించుట వంటిది.

ధర చూచునప్పుడు మొదటి యేటి ధర చూడరాదు. మూడేండ్ల మొత్తము చూడవలెను. ఒకడు మొదటి యేడు 1,200 రూపాయలనియు, తరువాత ఏటికి 4,800 రూపాయలనియు చెప్పెననుకొందము. మరియొకడు ప్రతి యేడును 3,000 రూపాయలు అనెననుకొందము. మూడేండ్లకు మొదటివానికి 10,800, రెండవవానికి 9,000. దీనిపై 18 శాతము జి.ఎస్.టి. చేరగా 12,744 రూపాయలును, 10,620 రూపాయలును అగును. చౌకగా కనబడినది 2,124 రూపాయలు ఎక్కువ పడెను. 'అపరిమితము' అను మాటను కూడ నమ్మరాదు. స్థలము అపరిమితమని చెప్పి, ఫైళ్ల సంఖ్యకు హద్దు పెట్టుట ఈ వర్తకమున సామాన్యము. ఇట్లే '99.9 శాతము నడచును' అను హామీకి అర్థమేమనగా, ఏడాదిలో ఎనిమిది గంటల ముప్పాతిక ఆగినను మాట తప్పినట్లు కాదని. 99 శాతమన్నచో మూడున్నర దినములకు పైగా ఆగవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది నకలు, అనగా బ్యాకప్పు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గ్ నగరములో ఓవీహెచ్ అను పెద్ద హోస్టింగు సంస్థవారి కేంద్రమున అగ్నిప్రమాదము జరిగెను. ఒక భవనము పూర్తిగా కాలిపోయెను, మరియొకటి కొంత కాలెను. ప్రాణనష్టము లేదు. కాని 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయినవని నెట్‌క్రాఫ్ట్ అను పరిశీలక సంస్థ లెక్క కట్టెను. నకళ్లు వేరొక ఊరిలో దాచుకొన్నవారు కొద్ది కాలమునకే లేచి నిలిచిరి. నకలు కూడ అక్కడనే ఉంచినవారిలో కొందరికి మూలమును పోయెను, నకలును పోయెను. పాపము, వారిలో కొందరు నకలు కొరకు వేరుగా డబ్బు కూడ కట్టియుండిరి. కావున హోస్టింగువాడు నకలు తీయునా అని అడిగి ఊరకొనరాదు. అది ఏ చోట ఉండును, ఎన్ని దినములది ఉండును, తిరిగి తెచ్చుకొనుటకు ఎంత తీసికొందురు అని అడుగవలెను. వారు ఏమి చెప్పినను నెలకొకసారి ఒక నకలును ఇంటి కంప్యూటరులోనికి దింపుకొనవలెను. ఆ నకలుతో వెబ్‌సైటు తిరిగి లేచునో లేదో ఒక్కసారియైనను పరీక్షించి చూడవలెను. విత్తనము మొలచునో లేదో చూడక గాదె నింపు రైతు ఉండడు కదా.

రక్షణ విషయమై కొద్దిగా చెప్పుదుము. చిరునామా పక్కన తాళపు గుర్తు కనబడుటకు కావలసిన ధ్రువపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరినుండి ఉచితముగా ఇచ్చుచున్నది. మంచి హోస్టింగు సంస్థలు దానిని తామే అమర్చి తామే పునరుద్ధరించుచుండును. అది లేని పుటలను గూగుల్‌వారి క్రోమ్ 2018 జూలై నుండి 'సురక్షితము కాదు' అని చూపుచున్నది. సామాన్యమైన ధ్రువపత్రమునకే ప్రత్యేకముగా వేల రూపాయలు అడుగువాడున్నచో కారణమడుగుడు. ప్రపంచములోని వెబ్‌సైట్లలో 40 శాతమునకు పైగా వర్డ్‌ప్రెస్ అను సాధనముతో నడచుచున్నవి. దానిని, దాని అనుబంధములను ఎప్పటికప్పుడు నవీకరింపకున్న దొంగలకు తలుపు తీసిపెట్టినట్లే. ఈ పని ఎవరిదో ఒప్పందములోనే వ్రాసికొనవలెను.

ఇక ఈమెయిలు. రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు 1971లో ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు ఉత్తరము పంపి, వ్యక్తి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనమెరిగిన 'ఎట్' గుర్తును ఉంచెను. ఆ గుర్తునకు కుడిప్రక్క మన అంగడి పేరుండుట గౌరవము కొరకు మాత్రమే కాదు. ఉచిత జీమెయిలు విలాసము ఆ కుమార్తె సొంతము. ఆమె పెండ్లియై వెళ్లినను, చదువునకు పోయినను ఉత్తరములు ఆమెతోనే పోవును. అంగడి పేరుతో ఉన్న విలాసము అంగడిదే. మనిషి మారినను పెట్టె మారదు.

హోస్టింగుతో పాటు ఈమెయిలు ఉచితమని చెప్పుదురు. అది చౌకయే. కాని పంపకపు సర్వరులో మన పొరుగువాడు చెత్త ఉత్తరములు లక్షలుగా పంపినచో ఆ సర్వరు పేరే చెడిపోవును. మన ఉత్తరములును స్పాము పెట్టెలో పడును. డాలస్ కొనుగోలుదారునకు పంపిన బిల్లు అతడెన్నడును చూడడు. బదులు రాలేదని మనము, బిల్లు రాలేదని అతడు! కావున ఉత్తరముల పనియే వృత్తిగా గల సేవను వేరుగా తీసికొనుట మంచిది. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, చెన్నై కేంద్రముగా గల జోహో మెయిల్ మొదలగునవి కలవు. ఇవి తలకు ఇంతయని నెలకు లెక్కించును. ముగ్గురున్న ఇంటికి పది పెట్టెలు కొననక్కరలేదు. 'ఆర్డర్లు', 'బిల్లులు' మొదలగు విలాసములను ఒకే పెట్టెకు మారుపేర్లుగా పెట్టుకొనవచ్చును. సాధారణముగా మారుపేరునకు వేరు రుసుము లేదు. ఉచితమన్నది శాశ్వతము కాదనియు తలపోయవలెను. సొంత డొమైనుతో గూగుల్ 2006 నుండి ఇచ్చిన ఉచిత ఈమెయిలు 2012 డిసెంబరులో క్రొత్తవారికి ఆగెను. 2022లో పాత వ్యాపారులను కూడ రుసుము కట్టుమని కోరిరి.

ఈమెయిలు విషయమున అన్నింటికంటె భయంకరమైనది మోసము. మన పేరుతో ఒక దొంగ ఉత్తరము వ్రాయును: 'మా బ్యాంకు ఖాతా మారినది, ఇకపై ఈ సంఖ్యకు డబ్బు పంపుడు' అని. కవరు మీద ఎవరైనను మన విలాసము వ్రాయగలరు కదా, ఈమెయిలులోను అంతే. దీనిని అరికట్టుటకు డి.ఎన్.ఎస్. పట్టికలో వ్రాయదగిన మూడు వాక్యములు కలవు. మా ఉత్తరములు పంపు అధికారము ఈ సర్వర్లకే కలదు అని చెప్పునది ఎస్.పి.ఎఫ్. ఉత్తరమునకు ముద్ర వేయునది డీకిమ్. ఈ పరీక్షలలో మా పేరుతో సరిపోలని ఉత్తరమును ఏమి చేయవలెనో చెప్పునది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున ఉత్తరములు పంపువారికి మూడింటిని, తక్కినవారికి మొదటి రెండింటిలో ఒకదానినైనను తప్పనిసరి చేసినవి. ఈ వాక్యములు వ్రాయుటకు తెలిసినవానికి అరగంట పని, ఖర్చు లేదు. ఈమెయిలు అమర్చిన వానిని 'ఈ మూడును వ్రాసితివా?' అని అడుగుడు. నీళ్లు నమలినచో వేరొకనిని చూచుకొనుడు. ఐనను ఇవి మన పేరును కాపాడునే గాని, మన పేరును పోలిన పేరుతో వచ్చు ఉత్తరమును ఆపలేవు. ఖాతా మార్పు ఉత్తరములో కాక ఫోనులో మాత్రమే చెప్పుదుమని కొనువారికి ముందే తెలుపవలెను.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ముద్రణాలయములలో అను లిపులతో కూర్చిన తెలుగును యథాతథముగా వెబ్‌సైటులో పెట్టినచో అది అర్థము లేని గుర్తులుగా కనబడును. యూనికోడులో ఉన్న తెలుగు మాత్రమే ఏ ఫోనులోనైనను చదువవచ్చును, వెదకినప్పుడు దొరకును. కరపత్రము కూర్చినవానిని యూనికోడు ప్రతి అడిగి తీసికొనుడు.

చోటు మార్చవలసి వచ్చినప్పుడు వరుస తప్పరాదు. ముందు క్రొత్త చోట అంతయు అమర్చి చూచుకొనవలెను. పాత ఉత్తరములను క్రొత్త పెట్టెలోనికి చేర్చుకొనవలెను. పిదప డి.ఎన్.ఎస్. పట్టిక మార్చవలెను. ఆ మార్పు లోకమంతట తెలియుటకు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును. రెండు వారములు గడచిన తరువాతనే పాతవానికి సెలవీయవలెను. కొనువారి పేర్లు, విలాసములు, ఫోను సంఖ్యలు మన చేతిలో ఉన్న నమ్మకపు సొత్తు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము వానిని కాపాడు బాధ్యత మనపై పెట్టినది. పాత సర్వరులోని నకళ్లను తుడిపించుట మరువరాదు.

ఇంతయు విని ఇది పెద్ద సంస్థల వ్యవహారమని ఎవరును జంకనక్కరలేదు. ఒక చిన్న పుస్తకమున నాలుగు సంగతులు వ్రాసి, ఇంటి పత్రముల పెట్టెలో ఉంచిన చాలును. పేరు ఎక్కడ నమోదైనది, గడువు ఎన్నడు. హోస్టింగు ఎవరిది, గడువు ఎన్నడు. ఈమెయిలు ఎవరిది, అధికార ఖాతా ఏది. నకలు ఎక్కడ ఉన్నది, చివర తీసినది ఎన్నడు. ప్రవేశ పదములను మాత్రము ఆ పుస్తకమున అందరికి కనబడునట్లు వ్రాయక, ఇంట ఇద్దరికి తెలిసియుండునట్లు భద్రపరచవలెను. ఓటీపీ వచ్చు ఫోను ఒక్కరి చేతనే ఉన్నచో, వారు జబ్బుపడిన నాడు అంగడి తలుపు తెరచుకొనదు. మగ్గము మీది పడుగు దారము ఒకటి తెగినప్పుడు నేతగాడు వెంటనే ముడివేయును. బారెడు నేసిన తరువాత చూచినచో అతుకు దాగదు. ఈ వ్యవహారమును అట్టిదే. ఏడాదికి ఒక పూట, ఉగాదికి క్రొత్త లెక్కల పుస్తకము తెరచు నాడైనను సరే, ఆ నాలుగు వరుసలు చదివి సరిచూచుకొనుడు.